సర్వర్ లేవని పొద్దు

సర్వరు లేవలేదు. అతను అదే ఆజ్ఞ మళ్ళీ కొట్టాడు, నల్లటి తెర మీద ఏదో కదిలినట్టే కదిలి ఎర్ర అక్షరాలు వచ్చి పడ్డాయి, వాటిని చదవకుండానే పైకి తోసేసి కుర్చీ వెనక్కి జరిపాడు, వంగి బల్ల కింది పెట్టె మీద అరచెయ్యి ఆన్చాడు, వెచ్చగానే ఉంది, లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది, అంటే కరెంటు సంగతి కాదు, పెట్టె సంగతీ కాదు, ఆ మాత్రం తెలుసుకోవడానికి చెయ్యి పెట్టి చూడక్కర్లేదు, ఎదురుగా తెర వెలుగుతూనే ఉందిగా, అయినా జ్వరం వచ్చిన పిల్ల నుదురు పట్టుకున్నట్టు కాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చింది. పెట్టె ఆగిపోయి తనంతట తనే మళ్ళీ మొదలైంది, లేవవలసినవన్నీ లేచాయి, ఇదొక్కటే లేవలేదు, గోడకు అవతలి గదిలో మంచానికి బిగించిన తెర మీద అక్షరాల వరసలు ఉండవలసిన చోట ఇప్పుడు తెల్లటి ఖాళీ, మధ్యలో పేజీ దొరకలేదని చెప్పే ఒక్క ముక్క. ఆ ఖాళీకేసి చూస్తూ అతని భార్య పడుకుని ఉంది. తల పక్కకు తిప్పుకునే శక్తి లేదు కాబట్టి అటే చూస్తూ ఉంటుంది.

బయటి లోకంతో పనిలేని సర్వరు అది. ఈ ఇంట్లో, ఈ పెట్టెలో పుట్టి, గోడ దాటి ఆ మంచం దాకా వెళ్ళి ఆగిపోయే ఒకే ఒక్క పేజీ కోసం అతను తన చేతులతో కట్టింది. పేజీ నిండా అక్షరాలు, వరస కింద వరస, పసుపుపచ్చ వెలుగొకటి పై వరస నుంచి కింది వరసకు నెమ్మదిగా దిగుతుంటుంది, ఆమె కుడిచేతి చూపుడువేలి కింద చిన్న మీట ఉంటుంది, కావలసిన వరస మీదికి వెలుగు వచ్చినప్పుడు నొక్కితే అది ఆ వరసలోకి దూరి అక్షరం తర్వాత అక్షరం మీద నడుస్తుంది, మళ్ళీ నొక్కితే ఆ అక్షరం పడుతుంది. ఒంటి మొత్తంలో ఆమె చెప్పినట్టు వినేది ఇప్పుడు ఆ వేలొక్కటే. "దురద" అని రాసేసరికి ఆ దురద పోయి ఇంకోచోట మొదలవుతుందని ఒకసారి తనే రాసింది. రాసి, నవ్వలేక, అతను నవ్వేదాకా చూసింది.

అతను నెట్‌వర్కు తీగ పీకి మళ్ళీ పెట్టాడు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఆఫీసులో అతన్ని భూతవైద్యుడు అంటారు, పడిపోయిన సర్వరు ఎంత పెద్దదైనా అతను వచ్చి కూర్చుంటే లేస్తుందని, మేనేజరు వెనకాల నిలబడి చేతులు నలుపుకుంటుంటే అతను నింపాదిగా టీ తాగుతూ లేపేవాడు, మంత్రం ఏమీ లేదు, కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది ఒక్కటే, ముందు ఎర్ర అక్షరాలు చదవండి నాయనా, చూరు పట్టుకు వేలాడకండి, యంత్రం విసుక్కుంటుందే గానీ అబద్ధం చెప్పదు. చదివాడు. పొద్దున మొదటిసారే చదివాడు. ఒక్క వాక్యం. చదివి, అది కాదేమో, వేరే ఏదైనా ఉందేమో చూద్దాం అనుకుని సెట్టింగుల ఫైలు తెరిచి పై నుంచి కింది దాకా ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చాడు, ఎక్కడా కామా కూడా జారలేదు, నీట్‌గా రాసుకున్న ఫైలు, ఆమె మంచాన పడిన ఏడాది రాత్రుళ్ళు కూర్చుని రాసింది, మళ్ళీ పై నుంచి మొదలుపెట్టాడు. ఇవాళ డాక్టరమ్మ వస్తుంది. వచ్చేది ఈ పేజీ కోసమే.

కిందటిసారి వచ్చినప్పుడు ఆవిడ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని అందరికీ వినపడేలా చెప్పింది, డాక్టర్లు గుమ్మం బయటికి తీసుకెళ్ళి చెప్పే మాటల్ని ఈవిడ రోగి మొహం చూస్తూనే చెబుతుంది, అది అతనికి మొదట్లో నచ్చేది. ఊపిరి పీల్చే కండరాలు అలిసిపోయాయమ్మా, రాత్రిళ్ళు పెట్టుకునే మాస్కు ఇక ఎన్నాళ్ళో చాలదు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం వేసి మిషనుతో ఊపిరి ఆడించొచ్చు, అలా ఏళ్ళు గడిచినవాళ్ళున్నారు. వద్దనుకుంటే ఆయాసం తెలియకుండా మందులిచ్చి కనిపెట్టుకుని ఉంటాం, అప్పుడు ఎక్కువకాలం పట్టదు. "ఈ రెండింట్లో ఏదన్నది మీ ఆయన చెప్పకూడదు, మీ చెల్లెలూ చెప్పకూడదు, నేనైతే అసలే చెప్పకూడదు. మీరు చెప్పాలి." ఆ పూట ఆమె వేలు బిగుసుకుపోయి మీట నొక్కలేకపోయింది. డాక్టరమ్మ ముందుకు వంగి, కావాలంటే ఒకసారి రెప్ప వెయ్యండి, వద్దంటే రెండుసార్లు, అంది. "ఒక్కసారే! ఒక్కసారే వేసింది, నేను చూశాను!" అని మరదలు అరిచినంత పని చేసింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది, నాకు రెండుసార్లనిపించింది, కానీ ఆవిడ కళ్ళు ఎండిపోతున్నాయి, రెప్పలు ఊరికే కూడా కొట్టుకుంటున్నాయి, దీన్ని నేను లెక్కలోకి తీసుకోలేను. ఇద్దరూ అతని వైపు తిరిగారు. అతను కిటికీ దగ్గర ఉన్నాడు. కర్టెను రింగు ఊడితే సరిచేస్తున్నాడు. ఎండ కళ్ళలో పడుతోందని, అన్నాడు. ఆరోజు పొద్దుటి నుంచీ మబ్బు.

మరదలు అక్షరాల అట్ట తెచ్చింది, ఒక్కో అక్షరం మీద నేను వేలు పెడతాను, అక్క రెప్ప వేస్తుంది అని, డాక్టరమ్మ ఆ అట్టను మెల్లిగా పక్కన పెట్టింది, మీ వేలు ఎక్కడ ఆగుతుందో మీ మనసు చెబుతుందమ్మా, ఆవిడది కాదు, ఆ తెర ఉంది కదా, దానికి అక్క లేదు, భార్య లేదు, దానిమీద రాయనివ్వండి, వేలు తేరుకున్నాక వస్తాను. వేలు తేరుకుంది. మొన్న "తల కింద దిండు" అని రాసింది, నిన్న పొద్దున మరదలితో "జడ బాగుంది" అంది, నిన్న సాయంత్రం అతను మాస్కు పట్టీ బిగిస్తుంటే ఆగమన్నట్టు చూసి, "రేపు డాక్టర్‌తో మాట్లాడతా" అని రాసింది. ఏం మాట్లాడతావు అని అడగడానికి నోట్లో నాలుక ఉంది, ఎదురుగా మనిషి ఉంది, తెరా ఉంది. "సరే, పడుకో ఇంక" అన్నాడు.

ఆమె కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పనిచేసేది. అసలు మొదట పరిచయమైంది గొంతుతోనే, ఆఫీసులో కరెంటు పోయి సర్వర్లు ఒక్కొక్కటే నేలకొరుగుతుంటే అతను ఫోను చేసి నోటికొచ్చినట్టు అరిచాడు, అవతల నుంచి తొణక్కుండా, "మీరు అరిస్తే కరెంటొచ్చేట్టయితే అరవండి సార్, నేను ఫోను పక్కన పెట్టి టీ తాగొస్తా" అంది. మర్నాడు క్షమించమని చెప్పడానికి ఫోను చేశాడు, ఆ మర్నాడు కరెంటు ఉందని చెప్పడానికి చేశాడు. ఊరంతటి తిట్లూ ఆ చెవిలోంచి విని ఈ చెవిలోంచి వదిలేసి ఇంటికొచ్చి, ఎవడెలా తిట్టాడో వాడి గొంతుతోనే చెప్పి నవ్వించేది. అలాగే ఒకరోజు వచ్చి చెప్పులు విప్పుతూ చెప్పింది, "ఇవాళ ఫిర్యాదు మీదే ఫిర్యాదొచ్చింది తెలుసా, ఫోను దగ్గరున్నావిడ పట్టపగలే తాగి మాట్లాడుతోందట! సోడా తాగితేనే తేన్పులతో చచ్చే మొహం నాది." పగలబడి నవ్వారిద్దరూ. ఆ నవ్వు ఆరకముందే అతనికి వినిపించింది, ఫిర్యాదు అన్న మాటలో మధ్య అక్షరం మెత్తబడింది, నీళ్ళలో నానిన బిస్కట్టులా. తర్వాత అది ఫియాదు అయింది. తర్వాత కప్పు జారింది. తర్వాత చెప్పు జారిన సంగతి తెలియకుండా వీధి చివరిదాకా నడిచొచ్చింది. పరీక్షల గదుల బయట బెంచీలు, ప్రతి గదిలోనూ ఒకే రకం గోడ గడియారం, చివరికి ఒక డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పి, పేరు చెప్పాక బల్ల మీద పెన్ను ఇటు నుంచి అటు పెట్టాడు, అటు నుంచి ఇటు పెట్టాడు. మందు లేదని నోటితో చెప్పనే లేదు.

డిస్కులో చోటు ఉందా? ఉంది, కావలసినంత ఉంది, అది తెలిసీ చూశాడు. అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టింది ఆమె గొంతున్న ఫోల్డరు. మాట పూర్తిగా పోకముందే ఎక్కించాలని, బయటి చప్పుడు పడకుండా ఇద్దరూ నెత్తిన మందపాటి దుప్పటి కప్పుకుని మైకు మధ్యలో పెట్టుకుని కూర్చునేవాళ్ళు, చిన్నపిల్లలు దాగుడుమూతలాడినట్టు, లోపల ఉక్క, ఆమె మెడ మీద చెమట, అతను ఒక్కో మాటా అందిస్తే ఆమె పలికేది, అవును, వద్దు, నీళ్ళు, నొప్పి, చలి, తిప్పు, లేపు. మధ్యలో ఆపి, "ఏం, బతుకంతా నీళ్ళూ నొప్పీ అనుకుంటూ కూర్చోవాలా నేను? తిట్లు కూడా ఎక్కించు" అంది. ఎక్కించారు. దున్నపోతు, సన్నాసి, నీ తలకాయ, నీ మొహం మండ, ఒక సాయంత్రమంతా తిట్లే, ఒక్కో తిట్టూ కోపంగా ఒకసారి, ముద్దుగా ఒకసారి. ఆ ఫోల్డరు ఎందుకు తెరిచాడో, చోటు చూడటానికైతే తెరవక్కర్లేదు, బాణం గుర్తు ఒక ఫైలు మీద ఆగింది, పేరు లేని ఫైలు, వేలు దానంతట అదే నొక్కింది, బల్ల మీద స్పీకరు గొంతు పూర్తిగా తెరిచి ఉందని అతనికి గుర్తులేదు. ఇల్లంతా ఆమె గొంతు. "అయిందా? ఇంకా తిరుగుతోందా అది? ఆపవయ్యా బాబూ, ఊపిరాడట్లేదు ఇందులో." ఆ వెనకే నవ్వు.

వంటింట్లో ఏదో కింద పడింది. మరదలు తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది, మొహమంతా వెలుగు, "బాగైందా బావా? అక్క మాట వినపడింది!" అతను లేదన్నట్టు తలాడించాడు. పాత ఫైలు, అన్నాడు. పొరపాటున నొక్కాను. ఆ వెలుగు ఆరిపోవడం చూడలేక తెర వైపు తిరిగాడు, అప్పుడు తట్టింది, గోడ అవతల ఆమె కూడా విని ఉంటుంది, తన గొంతు తను విని ఉంటుంది, ఊపిరాడట్లేదనీ, నవ్వూ, విని అటు చూస్తే ఎదురుగా తెల్లటి ఖాళీ. మరదలు వెళ్ళలేదు. చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ అతని వెనకాలే నిలబడింది. కంప్యూటరు సంగతులు ఆమెకేమీ తెలియవు, కానీ ఇరవై నాలుగు గంటలూ ఆ ఇంట్లో తిరుగుతూ అతని వీపును చదవడం నేర్చుకుంది. అక్కకు గొట్టం వెయ్యాలనీ, ఎన్నేళ్ళైనా సరే తను చూసుకుంటాననీ, ఉన్న ఒక్క అక్క అనీ పగలూ రాత్రీ అంటూనే ఉంది, అన్నం పెడుతూ అంటుంది, పక్క మారుస్తూ అంటుంది.

"బావా, ఒకటడుగుతా. తిట్టుకోకండి."

"అడుగు."

"అది బాగుపడటం లేదా, మీకు బాగుచెయ్యాలని లేదా?"

ఆమె గొంతు తగ్గించింది. "ఎందుకంటే నాక్కూడా అది లేవకూడదనే ఉంది. పొద్దుటి నుంచీ దేవుడికి దండం పెట్టుకుంటున్నా, ఇవాళొక్కరోజు లేవకుండా చూడు తండ్రీ అని. మీరు కూడా అదే పనిలో ఉన్నారేమోనని." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, ఒకే దొంగతనానికి వచ్చిన ఇద్దరు చీకట్లో ఒకరినొకరు ముట్టుకున్నట్టుంది, అంతే, చెప్పేసి ఆమె గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయింది.

అవును, అనుకున్నాడు అతను. ఒకసారి, వానలు మొదలైన రోజుల్లో, ఆమె రాసింది, వేలు కూడా పోతే? అతను వెంటనే చెప్పాడు, కళ్ళతో చేద్దాం, కళ్ళ కదలికను పట్టే కెమెరాలున్నాయి, నేను కడతాగా. వెలుగు వరసల మీంచి దిగింది, దిగింది, మళ్ళీ పైకొచ్చింది, అదీ పోతే? అని పడింది. అతను లేచి తీగ వదులైందేమో చూస్తానని ఈ గదిలోకి వచ్చేశాడు. ఏ తీగా వదులవలేదు. అదీ పోతే అంటే ఏమిటో అతనికి తెలుసు, మిషను ఊపిరి ఆడిస్తూనే ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషి లోపల మొత్తం మెలకువగా ఉంటుంది, తలుపు ఉండదు. ఇతను బయట కూర్చుని జడ వేస్తాడు, కబుర్లు చెబుతాడు, ఆమె వింటోందనుకుంటాడు, తనకు కావలసిన జవాబులన్నీ తనే చెప్పుకుంటాడు. ఎన్నేళ్ళైనా చెప్పుకోగలడు. ఆ సంగతే అతన్ని భయపెట్టింది, చెప్పుకోగలడు, సుఖంగానే చెప్పుకోగలడు. ఆమె లేకపోవడం కంటే, ఆమె ఉండి మాటల్లేకపోవడమే తనకు తేలిక. అలా అనుకోవడానికి కూడా నోరు రాలేదు కానీ పొద్దుటి నుంచీ వేళ్ళు చేస్తున్న పని అదే.

పైకి జరిపి ఎర్ర అక్షరాలు మళ్ళీ చదివాడు. పోర్టు ఖాళీగా లేదు. అంతే. సర్వరు వచ్చి కూర్చోవలసిన చోట ఇంకేదో ముందే కూర్చుంది, రైల్లో మన సీటులో ఎవడో చేరి కిటికీలోంచి చూస్తున్నట్టు. కరెంటొచ్చి పెట్టె లేచినప్పుడు, ఎప్పుడో ఏదో పరీక్షించడానికి ఎక్కించి మరిచిపోయిన ప్రోగ్రామొకటి ముందు లేచి ఆ పోర్టు పట్టేసుకుంది. ఎవరు పట్టుకున్నారో చూపించే ఆజ్ఞ కొట్టాడు, పేరు వచ్చింది. దాన్ని ఆపేసే ఆజ్ఞ కొట్టాడు, పోయింది. మళ్ళీ రాకుండా పెట్టెలోంచే తీసేశాడు. ఆఫీసులో అయితే టీ చల్లారకముందే అయ్యేది, ఇక్కడా అంతే పట్టింది. చివరి ఆజ్ఞ మిగిలింది. దాన్ని కొట్టి, ఎంటర్ మీద వేలు ఆన్చి, మరదలి వైపు చూశాడు. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది. తలెత్తలేదు. కానీ వద్దని కూడా అనలేదు. నొక్కాడు.

గోడ అవతల మీట టక్కుమంది. వెంటనే, ఎప్పటి నుంచో కాచుకుని కూర్చున్నట్టు.

డాక్టరమ్మ వచ్చేసరికి అతను తెరను ఆమె కళ్ళకు సరిగ్గా ఎదురుగా వంచి, చేతి కింద మెత్తటి గుడ్డ మడత పెట్టి, ఈసారి మంచం పక్కనే నిలబడ్డాడు, కిటికీ వైపు కాదు. డాక్టరమ్మ కిందటిసారి చెప్పినదంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, ఏదీ మెత్తబరచలేదు, ఏదీ భయపెట్టలేదు. మీరేమంటారమ్మా, అంది. పసుపు వెలుగు దిగడం మొదలుపెట్టింది. అన్నిటికంటే పైన, రికార్డు చేసిన మాటలుండే వరస ఉంది, ఒక్క నొక్కుతో అందులోకి వెళ్ళొచ్చు, అందులో వద్దు ఉంది, అవును ఉంది, ఆమె గొంతుతోనే. వెలుగు ఆ వరస దాటింది, ఆమె దాన్ని ముట్టుకోలేదు. కిందికి, ఇంకా కిందికి. గ. మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెలుగు మళ్ళీ పైకెళ్ళి మళ్ళీ దిగింది, గొ, మళ్ళీ, గొట్టం, గోడ మీద ఎండ ముక్క జరుగుతోంది, వీధిలో ఎవరో బండి స్టార్టు కాక తన్నుతున్నారు, ఆ వేలు ఒకసారి ఆలస్యమై తప్పు అక్షరం పడింది, ఆమె వెనక్కి వెళ్ళి దాన్ని చెరిపింది, ఎంత ఓపిగ్గా చెరిపిందో, మళ్ళీ దిగింది, వ, ఒత్తులున్న వరస, అతను ఆ ఒత్తు పడకముందే చదివేశాడు, కానీ పడేదాకా చూశాడు.

గొట్టం వద్దు.

"దాని తర్వాత ఏమవుతుందో తెలుసు కదమ్మా?" అంది డాక్టరమ్మ, చాలా మెల్లిగా.

తెలుసు.

"ఎవరికైనా బరువవుతానని కాదు కదా?"

ఈసారి చాలా సేపు పట్టింది. కాదు, అని పడింది. ఆగుతుందనుకున్నారు, ఆగలేదు. కాదు. నాకే వద్దు.

డాక్టరమ్మ ఆ వేలి మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. ఆసుపత్రికి ఫోను చెయ్యాలని లేచి బయటి గదిలోకి వెళ్ళింది, ఆయాసానికి వాడే మందుల పేర్లు చెబుతున్న గొంతు అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. మరదలు వంటింట్లోకి వెళ్ళి పెద్దగా ఏడ్చింది, ఏ దాపరికమూ లేకుండా, చిన్నప్పుడు అక్క బడికి వెళ్ళిపోతే గేటు పట్టుకుని ఏడ్చినట్టు. అతను ఎటు వెళ్ళాలో తెలియక గది మధ్యలో నిలబడ్డాడు. మరదలి దగ్గరికి వెళ్ళాలి. డాక్టరమ్మతో మాట్లాడాలి. పెట్టె చూడాలి, మళ్ళీ కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ పెట్టాలి, ఇంకా ఎన్నాళ్ళకో ఏమిటో, పెట్టాలి. "పొద్దున్నే లేపగలిగేవాణ్ణి దాన్ని," అన్నాడు ఆమెతో. "చేతనై కూడా లేపలేదు."

ఆమె కళ్ళు అతని మీద ఆగాయి. తర్వాత తెర వైపు వెళ్ళాయి. మీట టక్కుమంది, ఆగింది, టక్కుమంది. వెలుగు దిగుతూ, ఎక్కుతూ, తన తీరికలో తను నడిచింది, వంటింట్లో ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగేదాకా నడిచింది. అతను ఏ మాటా ముందుగా ఊహించలేదు. అక్షరం పడ్డాక అక్షరం చదివాడు.

దాన్ని ఏడవనీ. నువ్వు కూర్చో.

అతను స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. కూర్చున్నాడు.